బైబిల్ కాలేజీ, మన సందర్భం: తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కర్నూలు, కడప, అనంతపురం సంఘాలకు పాస్టర్లుగా వెళ్లబోయే పిల్లలకు పాఠాలు చెప్పడం నా పని. దైవశాస్త్ర విద్య ఆసియా సంస్కృతులకు తగ్గట్టు మారాలి, అంటే మన సందర్భంలోంచి చెప్పాలి అనగానే పెద్దలకు టెన్షన్, కుర్రాళ్లకు ఉత్సాహం. ఇద్దరూ ఊహించుకునేది మాత్రం ఒకటే, చాపెల్‌లో దీపపు సెమ్మె.

అపోహ: సందర్భం అంటే దీపం, కాషాయం, భజన.

వాస్తవం: అవి ఉంటే ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. 1972లో దైవశాస్త్ర విద్యకు తోడ్పడే థియలాజికల్ ఎడ్యుకేషన్ ఫండ్ అనే సంస్థ తరఫున ఈ ఆలోచనను ముందుకు తెచ్చిన తైవాన్ పండితుడు షోకి కో వాదనే వేరు. పాత సంప్రదాయాన్ని తెచ్చి పెట్టుకుంటే సరిపోదు, కళ్ల ముందు మారుతున్న సమాజాన్ని, న్యాయం కోసం జరిగే పోరాటాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి అన్నాడాయన. మా వైపు కళ్ల ముందున్నది ఏంటి? వానల్లేక ఎండిన వేరుశనగ, నీళ్లు రాని బోరు, ఇంటికి తాళం వేసి బెంగళూరు బస్సెక్కిన కుటుంబం.

అపోహ: దానికేముంది, సిలబస్‌లో ఒక పేపర్ పెడితే చాలు.

వాస్తవం: పెట్టారు, ఆ పేపర్ రాసి పాసయ్యాక దాన్ని మర్చిపోతున్నారు. మారాల్సింది మిగతా పేపర్లు చెప్పే పద్ధతి. బైబిల్లోని నెహెమ్యా గ్రంథమే తీసుకోండి. ఎక్కువ క్లాసుల్లో అది గోడ కట్టడం గురించి, నాయకత్వం గురించి. అయిదో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి గంట కొడతారు! అక్కడ కరువులో ధాన్యం కోసం పొలాలు, ఇళ్లు తాకట్టు పెట్టినవాళ్లు, రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేసినవాళ్లు, పిల్లల్ని దాసులుగా అప్పగించాల్సి వచ్చినవాళ్లు గోల పెడుతుంటే నెహెమ్యా పెద్దల్ని నిలదీసి, పొలాలతో పాటు వాళ్లు తీసుకుంటున్న నూరవ భాగం కూడా తిరిగి ఇచ్చేయమంటాడు. అది నెలవారీ వడ్డీ అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. అంటే నెలకు నూటికి రూపాయి. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, దానికి కూడా మొహమాటపడి అడగాలి. ఈ లెక్క బోర్డు మీద వేస్తే, అంతవరకూ నిద్రపోతున్న రైతుబిడ్డ లేచి కూర్చుంటాడు. వడ్డీకి తిప్పే సంఘపెద్ద ముందు వరసలో కూర్చుంటే ఇదే వాక్యం ఎలా చెప్పాలో కూడా నేర్పాలి, అదీ పాఠమే.

అపోహ: ఇలా చేస్తే సువార్త కల్తీ అవుతుంది.

వాస్తవం: ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి, పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడి ఎవరి విశ్వాసమూ పలచబడలేదు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌లో బిషప్ అజరయ్య గారు హిందూ, ముస్లిం కట్టడాల పోకడలు కలిపారు. ఇంగ్లండు నుంచి వచ్చిన పాస్టర్ గౌను మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు, చిత్రం.

అపోహ: ఆసియా థియాలజీ రెడీమేడ్‌గా ఉంది, తెచ్చి చెబితే సరి.

వాస్తవం: కొరియా వాళ్ల మింజుంగ్ (అణగారిన జనం) థియాలజీ 1970లలో అక్కడి కార్మికుల కష్టం లోంచి వచ్చింది. మన దేశంలో దళిత థియాలజీకి ఎ.పి. నిర్మల్ గారు 1981లో బెంగళూరులో ఇచ్చిన ఉపన్యాసం ఒక మొదలు. రెండూ చదవాలి, కానీ కాపీ కొట్టడానికి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు, ఆంధ్రలో బీసీ-సి కిందికి వస్తారు. సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఇంకో మతంగా బతికే కుటుంబాన్ని పాస్టర్ ఏమని ఓదార్చాలి? "యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు" అని ప్రసంగించి, పెళ్లి సంబంధం దగ్గర మాల, మాదిగ, రెడ్డి అని విడిపోయే సంఘానికి ఏమని చెప్పాలి? దీనికి జవాబు సియోల్‌లో దొరకదు.

అపోహ: ఇంగ్లీషు రానివాడు థియాలజీ చేయలేడు.

వాస్తవం: ముందు తెలుగులో చదువుకోదగ్గ పుస్తకాలు ఇచ్చి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.