ఫ్యాన్‌కి పెద్ద కండెన్సర్ వేస్తే గాలి పెరుగుతుందా?

ఎండలు ముదిరితే చాలు, షాపులో రోజూ ఇదే పాట: "అన్నా, గాలి చాలట్లేదు. 2.5 తీసేసి 4 ఎంఎఫ్‌డీ వెయ్యి." ఎంఎఫ్‌డీ అంటే మైక్రోఫారడ్, కండెన్సర్ విలువకి కొలత. ఎవరు చెప్పారంటే వాట్సాప్‌లో వచ్చిందంటారు. మొన్న ఒకమ్మ అయితే కళ్లనీళ్లు పెట్టుకుంది, ఇంట్లో పసిపిల్ల ఉక్కకి నిద్రపోవట్లేదని. ఆవిడ మీద కోపం రాదు. ఆ మెసేజ్ రాసినవాడి మీదే వస్తుంది.

అపోహ: కండెన్సర్ పెద్దదైతే స్పీడ్ పెరుగుతుంది.

వాస్తవం: కండెన్సర్ స్టార్టింగ్ వైండింగ్‌కి, అంటే మోటార్‌లోని రెండో తీగచుట్టకి, సిరీస్‌లో ఉంటుంది. కరెంటుకి కండెన్సర్ పెట్టే అడ్డు 1/(2πfC); f సప్లై ఫ్రీక్వెన్సీ, C కండెన్సర్ విలువ. మన 50 హెర్ట్జ్ సప్లైలో 2.5కి సుమారు 1,270 ఓమ్స్, 4కి 800 లోపే. అడ్డు తగ్గితే ఆ వైండింగ్‌లో కరెంటు పెరుగుతుంది, వేడేమో కరెంటు వర్గం లెక్కన పెరుగుతుంది. మొదట్లో కాస్త జోరుగానే తిరగొచ్చు, జనం మోసపోయేది అక్కడే.

పని నేర్చుకునే రోజుల్లో నేనూ మోసపోయాను. మా వీధిలో ఒక పిన్నిగారి ఫ్యాన్‌కి 4 బిగించి, మజ్జిగ తాగి, శభాష్ అనిపించుకుని వచ్చా. ఇరవై రోజులకి ఆ ఫ్యాన్ విప్పితే వార్నిష్ మాడిన కంపు, కాయిల్ నల్లగా బొగ్గు. రీవైండింగ్ డబ్బులు మా మేస్త్రీ నా జీతంలోనే కోశాడు.

అసలు జబ్బు వేరే. ఏళ్లు గడిచేకొద్దీ కండెన్సర్ విలువ పడిపోతుంది. ఆ పసిపిల్ల ఇంటి ఫ్యాన్‌ది మీటర్ పెట్టి చూస్తే, పైన 2.5 అని ఉన్నది 1.6 చూపించింది. కొత్త 2.5 వేశా, అంతే. అది బాగుండీ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే బేరింగ్ చూడండి, లేదా మీ ఇంటికి వోల్టేజ్ ఎంతొస్తోందో చూడండి.

కండెన్సర్ మీద 440 వోల్టులు అని చూసి భయపడేవాళ్లూ ఉన్నారు. అది తట్టుకునే హద్దేనమ్మా, ఇంట్లోకి వచ్చే కరెంటు కాదు.

ఇక మిగతా అపోహలు. చిన్న సిరామిక్ కండెన్సర్ మీద 104 అంటే 104 పికోఫారడ్లు కాదు. 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే 1,00,000 పికోఫారడ్లు, అదే 0.1 మైక్రోఫారడ్. రూటర్ అడాప్టర్ 12 వోల్టులు 1 ఆంప్‌ది పోతే 2 ఆంప్‌లది పెట్టుకోవచ్చు, రూటర్ తనకి కావలసినంతే లాగుతుంది. వోల్టులు మాత్రం అవే ఉండాలి, పిన్ను ప్లస్ మైనస్‌లు తారుమారు కాకూడదు.