బియ్యం నిండుకున్నాయి

చిట్టీ, బుజ్జీ,

తాతయ్య ఆశీస్సులు. సంక్రాంతి వెళ్లి పది రోజులైనా చిట్టి అడిగిన ప్రశ్న నా బుర్రలో తిరుగుతూనే ఉంది. భోగి నాడు డబ్బా మూత తీసి "నాయనమ్మా, బియ్యం అయిపోయాయి!" అని అరిచింది. "అలా అనకూడదమ్మా, నిండుకున్నాయి అనాలి" అంది నాయనమ్మ. "ఖాళీ డబ్బాని నిండిందంటారేంటి? నా తెలుగులో తప్పేముంది?" అని చిట్టి మూతి ముడుచుకుంది.

తప్పేమీ లేదు తల్లీ. బెంగళూరులో ఉండి ఆన్‌లైన్ క్లాసుల్లో నేర్చుకున్నా నీ వాక్యం లక్షణంగా ఉంది. తంటా వేరే చోట ఉంది.

మన పెరటి బావిలో బుజ్జిగాడు చేద వేస్తే ఏమైంది? తాడు సరిపోయింది, గిలక తిరిగింది, చేద నీళ్లదాకా వెళ్లి బాతులా తేలుతూ కూర్చుంది. పైకి లాగితే చుక్క లేదు. తాడుని పక్కకి ఒక్క జాడింపు జాడించాలి. అప్పుడు చేద వాలి, బుడబుడమని మునిగి, తాడు బరువెక్కుతుంది. మాటలూ వ్యాకరణమూ తాడూ చేదానూ. ఎవరితో ఎప్పుడు ఎలా అనాలో తెలియడమే ఆ జాడింపు. బావిని బట్టి అదీ మారుతుంది. మనింట్లో 'మీరు' అనే పెద్దాయన్ని తెలంగాణలో చాలా ఇళ్లలో ప్రేమగా 'నువ్వు' అంటారు. ఇక 'కాస్త' అనే మాట గిలకకి వేసే నూనె చుక్క. "మంచినీళ్లివ్వు" అంటే కీచుమంటుంది. "కాస్త మంచినీళ్లిస్తావా అత్తా" అంటే సాఫీగా తిరుగుతుంది. అదే "దయచేసి ఇవ్వండి" అన్నావనుకో, వంటింట్లో రైల్వే అనౌన్స్‌మెంట్ విన్నట్టుంటుంది! సరే, పోలికని ఇంకా లాగితే తాడు తెగుతుంది.

1966లో డెల్ హైమ్స్ అనే అమెరికా పండితుడు దీనికో పెద్ద పేరు పెట్టాడు. వాడే తీరు తెలియకపోతే ఎంత వ్యాకరణం వచ్చినా దండగే అన్నాడు. మీ నాయనమ్మ ఆయన పేరు విననేలేదు, డబ్బా దగ్గర పాఠం చెప్పేసింది.

నాకా పాఠం తొమ్మిదో ఏట అయింది. మా మేనమామ సంచి భుజాన వేసుకుని గడప దాటుతుంటే "ఎక్కడికి మామయ్యా?" అన్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఆయన వెనక్కొచ్చి, చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుని, గ్లాసుడు నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాడు. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. మా ఊరికి రోజుకి రెండే బస్సులు. సాయంత్రందాకా అరుగు మీద కూర్చుని నా వంకే చూశాడు. "దూరమా మామయ్యా?" అనాలట. అడిగేది అదే, అడిగే తీరు వేరు.

ఎక్కడికని అడిగితే పని చెడుతుందని నేనూ నమ్మను. కానీ ఎదుటివాళ్లు ఏ మాటకి జంకుతారో ఎరిగి మాట్లాడటం మర్యాద, అది నేర్చుకోండి.

ఖాళీని నిండిందని ఎందుకన్నారంటావా, ఇంట్లో 'లేదు' అనే మాట వినపడకూడదనుకున్నారు, అంతే చెప్పగలను. ఆరిన దీపాన్ని కొండెక్కిందంటాం. ఆ కొండ ఎక్కడుందో, దాన్ని మొదట ఎవరు ఎక్కించారో! ఈ వయసులోనూ నాకు ఆశ్చర్యమే.

ఈసారి మీ ఇంటికి చుట్టాలొచ్చి "ఇక వెళ్లొస్తాం" అన్నప్పుడు గడియారం చూడండి. ఆ మాట ఎన్నిసార్లన్నారో, బండి స్టార్ట్ అయ్యేసరికి ఎంతసేపయిందో రాసి పంపండి. మీ నాయనమ్మ రికార్డు నలభై నిమిషాలు, అదీ గేటు దగ్గరే.

మీ తాతయ్య