పోటు లెక్క, గాలి అంచనా: సెలవులకు సముద్రానికి వెళ్తున్న పిల్లలకు

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. సెలవులకు సముద్రానికి వెళ్తున్నారని తెలిసి చాలా సంతోషం వేసింది. కానీ అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: "ఎండ బాగా కాస్తోంది, మబ్బన్నది లేదు, కాబట్టి సముద్రం ప్రశాంతంగానే ఉంటుంది." ఆ "కాబట్టి" గురించే ఈ ఉత్తరం. ఆకాశాన్ని చూసి సముద్రం సంగతి తేల్చేయడం పెద్దవాళ్లు కూడా చేసే పొరపాటే, అందులోనూ ఎండలు మొదలయ్యే రోజుల్లో ఇంకా ఎక్కువ.

ఏదైనా తీరానికి ఇచ్చే సముద్ర వాతావరణ సూచనను ఫోన్‌లో తెరిచి చూడండి. పోటు ఎన్నింటికి, ఆటు ఎన్నింటికి, గాలి ఎటునుంచి, ఎంత వేగం, అల ఎత్తెంత, అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లు, ఇవన్నీ వరసగా ఉంటాయి. అన్నీ ఒకే సైజు అంకెల్లో పక్కపక్కనే ఉండేసరికి అన్నిటినీ ఒకేలా నమ్మొచ్చు అనిపిస్తుంది. అలా కాదు. పోటు టైము లెక్క. గాలి వేగం అంచనా. ఇక అలల అంకె చాలాసార్లు ఎక్కడో దూరాన, కొన్ని రోజుల కిందట జరిగిపోయినదాని కబురు. దేన్ని ఎంతవరకు నమ్మాలో తెలిస్తే ఆ సూచన మీకు ఉపయోగపడుతుంది, తెలియకపోతే ఉత్త అంకెలే.

ముందు పోటు సంగతి. చంద్రుడి ఆకర్షణ, దానికి తోడు సూర్యుడి ఆకర్షణ (పోటు లేపడంలో సూర్యుడి బలం చంద్రుడి బలంలో సగానికి కొంచెం తక్కువ) సముద్రపు నీటిని లాగుతుంటాయి, భూమి తిరుగుతుంటుంది, అందువల్ల చాలా తీరాల్లో రోజుకు రెండుసార్లు నీరు పొంగుతుంది (పోటు), రెండుసార్లు తీస్తుంది (ఆటు). ఒక పోటు నుంచి ఇంకో పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ ఉదయం 8 గంటలకు పోటు వస్తే రేపు అదే టైముకు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. "నిన్న ఈ టైముకే ఇక్కడ ఆడుకున్నాం కదా" అనే మాట సముద్రం దగ్గర పనికిరాదు, ఎందుకంటే అది మన గడియారం చూసుకుని నడవదు, చంద్రుడితో నడుస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తారు కాబట్టి ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది కూడా. అష్టమి రోజుల్లో ఆ తేడా తగ్గుతుంది. ఎంత ఎక్కుతుందనేది తీరాన్ని బట్టి ఉంటుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో ఆటుకీ పోటుకీ తేడా 16 మీటర్ల దాకా వెళ్తుంది, అంటే ఇంచుమించు అయిదంతస్తుల మేడంత. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు. కాబట్టి ఒక తీరంలో నేర్చుకున్నది ఇంకో తీరానికి అలాగే పట్టుకెళ్లకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీరు ఎక్కేటప్పుడు గంటగంటకూ ఒకే తీరున ఎక్కదు. ఓడల వాళ్లకు దీనికొక నోటి లెక్క ఉంది. మొత్తం ఎక్కే నీటిని పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, అయిదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి. ఆటుకీ పోటుకీ 3 మీటర్ల తేడా ఉన్న చోట మొదటి గంటలో నీరు 25 సెంటీమీటర్లే పెరుగుతుంది, అదే మూడో గంటలో 75 సెంటీమీటర్లు. చదునైన ఇసుక తీరంలో, ముప్ఫై అడుగులు నడిస్తే ఒక అడుగు దిగేంత వాలు ఉందనుకోండి, ఆ ఒక్క గంటలో నీటి అంచు 22 మీటర్లు లోపలికి వచ్చేస్తుంది. మొదటి గంట చూసి "ఇంకా చాలా టైముంది" అనుకునేవాళ్లు మూడో గంటలో దొరికిపోతారు.

ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. నాకు పద్నాలుగేళ్లప్పుడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆటు సమయంలో రాళ్ల మీదుగా చాలా దూరం లోపలికి వెళ్లాను. పీతలు చూస్తూ కూర్చున్నాం. మేము కూర్చున్న రాయి పొడిగానే ఉంది, ఎదురుగా అలలు కూడా దూరంగానే విరుగుతున్నాయి, అందుకని వెనక్కి తిరిగి చూడలేదు. చూసేసరికి మాకూ ఒడ్డుకూ మధ్య వచ్చేటప్పుడు చీలమండ కూడా తడవని పల్లం నిండిపోయి తమ్ముడి నడుము దాకా వచ్చింది. నీరు ఎదురునుంచి రాలేదు, పక్కనుంచి చుట్టి తిరిగి వెనకనుంచి వచ్చింది. వాణ్ణి భుజాలమీద ఎత్తుకుని దాటాను, నీళ్లలో ఇసుక కాళ్లకింద నుంచి జారిపోతుంటే వాడు నా జుట్టు గట్టిగా పట్టుకున్న ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. ఇసుక తీరంలో మనం నిలబడ్డ చోటు ఎత్తుగా ఉండొచ్చు, వచ్చిన దారి పల్లంలో ఉండొచ్చు. నీరు ముందు నింపేది పల్లాన్నే. ఎప్పుడైనా నీటికి దగ్గరగా వెళ్తే ముందుకు మాత్రమే కాదు, మీరు వచ్చిన దారిని కూడా చూస్తూ ఉండండి.

పోటును ఏళ్లకు ఏళ్లు ముందే లెక్క కట్టొచ్చు. 1872లోనే లార్డ్ కెల్విన్ అనే శాస్త్రవేత్త కప్పీలు, చక్రాలు పెట్టి ఆ లెక్క కట్టే యంత్రానికి రూపం ఇచ్చాడు, కంప్యూటర్లు రాకముందు ఓడరేవుల పట్టికలు అలాంటి యంత్రాల మీదే తయారయ్యేవి. గాలి అలా కాదు. ఈ రెండింటి తేడా మీకు బాగా అర్థం కావాలంటే 1944 జూన్ సంగతి చెప్పాలి. అక్కడ అదీ ఎండాకాలం మొదలే.

రెండో ప్రపంచయుద్ధంలో మిత్రదేశాల సైన్యం ఇంగ్లిష్ చానల్ దాటి ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగాలి. తీరంలో జర్మన్లు నీటిలో మునిగి కనబడకుండా ఉండేలా అడ్డంకులు పాతారు. అవి కనబడాలంటే తెల్లవారిన కాసేపటికే నీరు బాగా తీసి ఉండాలి, ఆ తర్వాత పోటు ఎక్కుతూ ఉండాలి. రాత్రి విమానాల్లోంచి దూకే సైనికులకు వెన్నెల కూడా కావాలి. ఇన్నీ కుదిరే రోజులు ఆ నెల మొదట్లో మూడే: జూన్ 5, 6, 7. ఆ పోటు లెక్కలన్నీ లివర్‌పూల్ దగ్గర ఆర్థర్ డూడ్సన్ అనే శాస్త్రవేత్త కెల్విన్ తరహా యంత్రాల మీద నెలల ముందే కట్టిపెట్టాడు. రహస్యం బయటపడకూడదని ఆయనకు తీరం పేరు కూడా చెప్పకుండా "స్థానం జడ్" అని మాత్రమే ఇచ్చారు. చంద్రుడు ఇచ్చిన మూడు రోజులు మారవు. కానీ ఆ మూడు రోజుల్లో గాలి ఎలా ఉంటుందో నెల ముందు ఎవరూ చెప్పలేరు.

మొదట అనుకున్నది జూన్ 5. జూన్ 3 తెల్లవారుజామున ఐర్లండ్ పడమటి అంచున, బ్లాక్‌సాడ్ అనే చోట, మోరీన్ ఫ్లావిన్ అనే అమ్మాయి ఎప్పట్లాగే బారోమీటర్ చూసి అంకె పంపింది. ఆ రోజు ఆమెకు ఇరవై ఒకటో పుట్టినరోజు. గాలి పీడనం పడిపోతోందని ఆ అంకె చెప్పింది. ఇంగ్లండ్‌లోని వాతావరణ కేంద్రం వాళ్లు మళ్లీ చూసి చెప్పమన్నారు, మళ్లీ చూసింది, అదే అంకె. తన అంకె దేనికి పనికొస్తుందో ఆమెకు తెలియదు. తుఫాను వస్తోందని వాతావరణ అధికారి జేమ్స్ స్టాగ్ సేనాధిపతి ఐసెన్‌హోవర్‌కు చెప్పాడు, దాడి ఒక రోజు వాయిదా పడింది. తర్వాత మధ్యలో కొంచెం తెరిపి ఇస్తుందని అంచనా వేసి జూన్ 6న దిగారు. తెరిపి అన్నా సముద్రం నెమ్మదిగా ఏమీ లేదు. ఎంతోమంది సైనికులు పడవల్లో వాంతులు చేసుకుంటూ ఒడ్డు చేరారు.

మీ ప్రయాణానికి కూడా ఇదే పద్ధతి. పోటు టైములు చూసి నెల ముందు రోజు నిర్ణయించుకోండి, పర్వాలేదు. గాలి, అలల సూచన మాత్రం ముందు రోజు సాయంత్రం ఒకసారి, బయల్దేరే పొద్దున ఇంకోసారి చూడాల్సిందే. పోటు ఎత్తు అంకె కూడా గాలికి కొంచెం వంగుతుంది. గాలి పీడనం ఒక హెక్టాపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. గాలి గట్టిగా ఒడ్డువైపు నెడితే ఇంకొంచెం.

ఎండలు మొదలయ్యే రోజుల్లో గాలికి ఒక దినచర్య ఉంటుంది. నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నిదానంగా. నేలమీది వేడి గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పొద్దున పది, పదకొండుకు మొదలై మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య బలంగా వీచి చీకటి పడే వేళకు తగ్గుతుంది. అందుకే పొద్దున అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికి గజిబిజి అయిపోతుంది. అక్కడక్కడా తెల్లటి నురగ కనబడితే గాలి గంటకు 12 కిలోమీటర్లు దాటిందని, ఎటు చూసినా నురగే ఉంటే సుమారు 30 దాటిందని లెక్క. రాత్రి ఇది తిరగబడి గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది, తెల్లవారాక కూడా కాసేపు ఉంటుంది. గాలి ఊదిన బొమ్మలతో ఆడుకునేవాళ్లకు నిజంగా ప్రమాదమైనది ఇదే. ఒడ్డు దగ్గర అల కూడా ఉండదు, అంతా ముచ్చటగా ఉంటుంది, ట్యూబ్ మాత్రం మెల్లగా లోపలికి పోతూనే ఉంటుంది. ట్యూబ్ పోతే పోనీ. దాని వెనకాల ఈదకండి.

చల్లటి దేశాల సముద్రాల్లో ఇంకొకటి ఉంది. గాలి వేడెక్కినా నీరు వేడెక్కడానికి ఇంకా రెండు నెలలు పడుతుంది. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో ఒక్కసారిగా దూకితే ఊపిరి మన ప్రమేయం లేకుండానే ఎగబీలుతుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీరు లోపలికి పోతుంది. మెల్లగా దిగాలి.

ఇక అలలు. గాలి లేదు, మబ్బు లేదు, అయినా పెద్ద కెరటాలు వస్తుంటే అవి ఎక్కడివి? భూమికి ఉత్తరపు సగంలో ఎండాకాలం మొదలయ్యేటప్పుడు దక్షిణపు సగంలో చలికాలం దగ్గరపడుతుంటుంది. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో తుఫానులు బలపడతాయి. అక్కడ లేచిన అలలు దారిలో చిన్నవన్నీ రాలిపోగా పొడవైనవి మిగిలి, వేల కిలోమీటర్లు నడిచి వస్తాయి. 1963లో వాల్టర్ మంక్ అనే శాస్త్రవేత్త తన బృందంతో పసిఫిక్ పొడవునా పరికరాలు పెట్టి, దక్షిణాన పుట్టిన కెరటాలు అలాస్కా దాకా పోవడం కనిపెట్టాడు. ఒక అల శిఖరానికీ ఇంకో శిఖరానికీ మధ్య 16 సెకన్లుండే కెరటాల గుంపు గంటకు సుమారు 45 కిలోమీటర్లు, రోజుకు వెయ్యి కిలోమీటర్ల పైన ప్రయాణిస్తుంది. మీరు చూస్తున్న అల వారం కిందటి తుఫానుది కావచ్చు. సూచనలో ఎత్తుతోపాటు సెకన్ల అంకె కూడా చూడమనేది అందుకే. ఒక మీటరు ఎత్తు, 5 సెకన్లంటే అక్కడి గాలికి లేచిన చిన్న అలలు. అదే మీటరు ఎత్తు, 16 సెకన్లంటే ఒడ్డుకు వచ్చేసరికి బాగా పైకి లేచి, రాళ్లమీద నిలబడ్డవాళ్లను లాగేయగల కెరటం.

ఇంకో సంగతి, సూచనలో ఇచ్చే అల ఎత్తు అన్నిటికంటే పెద్ద అలది కాదు, మొత్తం అలల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు అలల సగటు. ఒకటిన్నర మీటరని రాస్తే ఎప్పుడో ఒకప్పుడు దానికి రెట్టింపుది కూడా వస్తుంది. పైగా దూరపు కెరటాలు గుంపులుగా వస్తాయి, మధ్యలో చాలాసేపు ఏమీ ఉండదు. అందుకని రాళ్ల దగ్గరికి గానీ నీళ్లలోకి గానీ వెళ్లేముందు పది, పదిహేను నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. మీకు విసుగ్గా ఉంటుందని తెలుసు. అయినా చూడండి.

అలా చూసేటప్పుడు ఒకచోట అలలు విరగకుండా, నీరు కొంచెం ముదురు రంగులో, నున్నగా కనబడుతుంది. ఇటూ అటూ నురగ, మధ్యలో ప్రశాంతంగా ఒక సందు. పిల్లలకు అదే నచ్చుతుంది. కానీ ఒడ్డుకు వచ్చిపడ్డ నీరంతా తిరిగి లోపలికి పోయే కాలువ అదే, రిప్ కరెంట్ అంటారు. ఆటు సమయంలో చాలాచోట్ల ఇంకా బలంగా ఉంటుంది. సెకనుకు 2 మీటర్లు దాటిన సందర్భాలున్నాయి, ఆ వేగానికి ఎంత గొప్ప ఈతగాడైనా ఎదురీది నిలబడలేడు. ఒకవేళ అందులో పడితే, అది మిమ్మల్ని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుందంతే, ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. టెన్షన్ పడి ఒడ్డుకేసి ఈదితే ఒంట్లో బలం అయిపోతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తండి, కేక వేయండి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, నురగ కనబడేవైపు ఈది ఆ కాలువ దాటాక అప్పుడు ఒడ్డుకు తిరగండి. ఇక్కడ ఈదొచ్చని కాపలా ఈతగాళ్లు జెండాలు పాతిన చోటే దిగితే ఈ పరిస్థితి చాలావరకు రాదు.

మీరు చేరిన రోజు నాకోసం ఒక పని చేయండి. పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని, ఆటు బాగా తీసిన వేళ నీటి అంచు దగ్గర ఇసుకలో ఒక పుల్ల గుచ్చండి. టైము రాసుకోండి. గంట గడిచాక కొత్త అంచు దగ్గర ఇంకో పుల్ల. అలా నాలుగు గంటలు. ఇసుక మీద నిన్నటి పోటు వదిలిన నాచు గీత కనబడుతుంది కదా, చివరి పుల్ల దానికి ఎన్ని అడుగుల దూరంలో ఉందో, ఏ రెండు పుల్లల మధ్య ఎడం ఎక్కువ వచ్చిందో కొలిచి, ఆ రోజు తిథి కూడా రాసి పంపండి.

ప్రేమతో,
మీ తాతయ్య