వీధి కుళాయి దగ్గర మడి

చిరంజీవులు చిన్నికీ, బాబుకీ తాతయ్య ఆశీస్సులు.

చిన్నీ, 2024 అక్టోబరులో వీడియో కాల్‌లో నువ్వొక ప్రశ్న అడిగావు. మీ అమ్మానాన్నలకి వచ్చిన ఓటర్ల పుస్తకం తిరగేస్తుంటే అందులో మూడో నంబరు ప్రపోజిషన్, అంటే జనమే నేరుగా ఓటు వేసి తేల్చే ప్రతిపాదన, పెళ్ళి గురించి ఉందన్నావు. "పెళ్ళికి ఓటు వెయ్యడమేంటి తాతయ్యా? ఇదివరకోసారి మా ఫ్రెండ్ వాళ్ళ చర్చి దీనికోసమే డబ్బులు పోగు చేసిందట. చర్చికి ఎలక్షన్లతో ఏం పని?" అన్నావు. నేను "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అని మాట దాటేశాను. అది తప్పు. అడిగిన పిల్లకి అడిగినప్పుడే చెప్పాలి. రెండు నెలలుగా మనసులో మెదులుతూనే ఉంది, అందుకే ఈ ఉత్తరం. తమ్ముడికి నువ్వే చదివి వినిపించు.

ముందు మా వీధి కుళాయి సంగతి చెప్తాను. అది చెప్పకుండా మీ కాలిఫోర్నియా సంగతి చెప్పడం నాకు చేతకాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు కొవ్వూరు దగ్గర మా ఊళ్ళో పంచాయతీ వాళ్ళు వీధికో కుళాయి వేశారు. అంతకుముందు తాగే నీళ్ళు గోదావరి నుంచి మోసుకొచ్చేవాళ్ళం. ఎండాకాలం ఏరు దూరంగా జరిగిపోయేది. ఇసుకలో అరికాళ్ళు కాలిపోతుంటే తుండుగుడ్డ పరుచుకుని దాని మీద కాసేపు నిలబడి, మళ్ళీ పరుగెత్తేవాళ్ళం. అలాంటి మాకు వీధిలోకే నీళ్ళు రావడం పండగలా ఉండేది. పొద్దున ఆరింటికి వచ్చేవి, గంట తిరక్కుండా ఆగిపోయేవి.

మా నాయనమ్మది నిప్పులు కడిగే ఆచారం. తడిబట్టతో మడి కట్టుకుని వంట చేసేది. పొరపాటున మేము తాకితే మళ్ళీ స్నానం చేసేది. వంటింట్లో ఆవిడ మడిని ఎవరూ కాదనలేదు. ఆ పొయ్యి ఆవిడది, ఆ దేవుడు ఆవిడ దేవుడు, ఆ ఉపవాసాలు ఆవిడవి. నైవేద్యం అయ్యాక మా చేతుల్లో పెట్టే పులిహోర రుచి ఇంకా నా నాలుక మీదే ఉంది. ఎంత ప్రేమగా పెట్టేదో మీకు చెప్పలేను.

కుళాయి వచ్చాక ఆవిడ మడి వీధిలోకి వచ్చింది. కుళాయిని చింతపండుతో తోమి, పసుపు రాసి, తన నాలుగు బిందెలూ నిండేదాకా ఎవరూ ముట్టుకోకూడదనేది. ఎవరైనా ముట్టుకుంటే నిండిన బిందె కూడా ఒంపేసి మళ్ళీ మొదలు. ఆవిడ వచ్చేదాకా నన్ను కాపలా పెట్టేది. ఒకరోజు వీధి చివరింటి ఆవిడ చంకలో పిల్లతో, చేతిలో చెంబుతో వచ్చింది. "ఒక్క చెంబు బాబూ, పిల్లకి జ్వరం" అంది. నాయనమ్మ ఊరుకోదని చెప్పాను. ఆవిడ పక్కకి జరిగి నిలబడింది. మా నాలుగో బిందె నిండకముందే నీళ్ళు ఆగిపోయాయి. ఆవిడ ఖాళీ చెంబుతో వెళ్ళిపోయింది. నన్నొక్క మాట అనలేదు. అరవై ఏళ్ళు దాటినా ఆ చెంబు నాకు కనిపిస్తూనే ఉంది.

నాయనమ్మ మాట దేవుడి మాట అనుకున్నాను చిన్నీ. ఇంకెవరు చెప్పినా ఆలోచించేవాణ్ణి. ప్రసాదం పెట్టే చెయ్యి చెప్పింది కనక ఆలోచించలేదు.

ఇప్పుడు మీ ఊరికి వద్దాం. మీ రాష్ట్రంలో పెళ్ళి రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి గుడిలోనో చర్చిలోనో. అది వంటింటి మడి లాంటిది. ఎవరికి పెళ్ళి చెయ్యాలో, ఎవరికి చెయ్యకూడదో ఆ మతం ఇష్టం. రెండోది కౌంటీ ఆఫీసు కౌంటరు. లైసెన్సు ఇచ్చేది అక్కడే. ఆసుపత్రిలో పక్కన ఉండే హక్కు, ఆస్తి, పెన్షన్, పిల్లల బాధ్యత, అన్నీ ఆ కాగితంతో వస్తాయి. అది వీధి కుళాయి. 2008 మే 15న మీ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఇద్దరు ఆడవాళ్ళయినా ఇద్దరు మగవాళ్ళయినా ఆ కుళాయి దగ్గరికి రావచ్చని 4-3 తీర్పుతో చెప్పింది. జూన్ 16న శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాల్లో డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్ అనే ఇద్దరు ముసలమ్మలు పెళ్ళి చేసుకున్నారు. డెల్‌కి 87, ఫిలిస్‌కి 83. యాభై ఏళ్ళకు పైగా కలిసి బతికినవాళ్ళు. 2004లో ఇదే హాల్లో ఒకసారి చేసుకుంటే కోర్టు ఆ పెళ్ళి చెల్లదని కొట్టేసింది. ఈసారి చెల్లింది. రెండు నెలలు దాటాక డెల్ చనిపోయింది.

అప్పటికే పెళ్ళిని మళ్ళీ ఆడా మగా వరకే కట్టడి చెయ్యాలని ఎనిమిదో నంబరు ప్రపోజిషన్ ఓటుకి సిద్ధమవుతోంది. రాష్ట్ర రాజ్యాంగంలో ఒకే ఒక్క వాక్యం చేర్చడానికి. శాన్‌ఫ్రాన్సిస్కో కేథలిక్ ఆర్చిబిషప్ జార్జ్ నీడరావర్ అంతకుముందు సాల్ట్ లేక్ సిటీలో బిషప్‌గా చేశాడు. మార్మన్లనే మతశాఖకి ఆ ఊరే కేంద్రం. ఆ పరిచయంతో వాళ్ళ పెద్దల్ని సాయం అడిగాడు. జూన్ 29 ఆదివారం కాలిఫోర్నియాలోని మార్మన్ చర్చిల్లో వాళ్ళ అధ్యక్షమండలి ఉత్తరం చదివారు. మీ సమయం, మీ డబ్బు ఇచ్చి చేతనైనంతా చెయ్యండని దాని సారాంశం. రాష్ట్ర జనాభాలో మార్మన్లు నూటికి ఇద్దరే. అయినా ఇల్లిల్లూ తిరిగినవాళ్ళలో, చందాలిచ్చినవాళ్ళలో వాళ్ళు ముందున్నారు. సిద్ధాంతాల్లో ఒకరికొకరు పొసగని కేథలిక్కులు, ఇవాంజెలికల్ చర్చిలు, మార్మన్లు ఈ ఒక్క విషయంలో ఒకే బంతిలో కూర్చున్నారు. రెండు వైపులా కలిపి ఖర్చు 8 కోట్ల డాలర్లు దాటింది.

వాళ్ళు చెడ్డవాళ్ళా అని అడుగుతావు. మా నాయనమ్మ చెడ్డదా? కాదు కదా. పెళ్ళి దేవుడు ఏర్పరిచినదని, అది మారితే తమ పిల్లలకి చెడు జరుగుతుందని వాళ్ళు మనసారా భయపడ్డారు. ఆ భయానికి టీవీ ప్రకటనలు ఇంకా ఆజ్యం పోశాయి. ఆ అక్టోబరులో ఒకటో తరగతి పిల్లలు కొందరు తమ టీచరమ్మ ఇంకొక ఆవిడను పెళ్ళి చేసుకుంటుంటే సిటీ హాలుకి వెళ్ళి పూలరేకులు చల్లారు. ఆ సంగతినే ప్రచారంలో వాడుకున్నారు, చూశారా మీ పిల్లలకి బళ్ళో ఏం నేర్పుతారో అని. టీచరు పెళ్ళికి పూలు చల్లిన పిల్లల్ని భయపెట్టే బొమ్మగా చూపించడం నాకు చాలా బాధ కలిగించింది.

అన్ని చర్చిలూ అటువైపే లేవు, ఇది గుర్తుపెట్టుకో. కాలిఫోర్నియా ఎపిస్కోపల్ బిషప్పులు, యూనిటేరియన్లు, యూదుల్లో ఎందరో రబ్బీలు ఆ ప్రపోజిషన్ వద్దన్నారు. వాళ్ళూ ప్రార్థన చేసే మాట్లాడారు. మతం ఒకటే గొంతుతో మాట్లాడుతుందని ఎవరైనా చెప్తే నమ్మకు.

2008 నవంబరు 4న, ఒబామా గెలిచిన రోజునే, నూటికి 52 మంది అవునన్నారు. కుళాయి మూసేశారు. అప్పటికే పెళ్ళిళ్ళు చేసుకున్న 18,000 జంటల పెళ్ళిళ్ళు చెల్లుతాయని మరుసటి ఏడు కోర్టు చెప్పింది గానీ, కొత్తవాళ్ళకి దారి లేదు. కోపంతో జనం మార్మన్ గుళ్ళ ముందు గుమిగూడారు. నిరసన చెప్పడం తప్పు కాదు. గుడికి వెళ్ళే మామూలు మనుషుల్ని వేధించడం తప్పు. ప్రచారానికి చేసిన కొంత సాయాన్ని ఆలస్యంగా లెక్కల్లో చూపినందుకు ఆ చర్చికి 2010లో 5,539 డాలర్ల జరిమానా వేశారు. నాకు ఆ జరిమానా పెద్ద విషయం అనిపించదు. ఆదివారం పూట దేవుడి ముందు కూర్చున్నవాడికి ఓటు మాట చదివి వినిపిస్తే, వాడికది సలహాలా వినపడుతుందా, ఆజ్ఞలా వినపడుతుందా అన్నదే నా బాధ. కుళాయి దగ్గర నిలబడ్డ తొమ్మిదేళ్ళవాడికి ఎలా వినపడిందో నాకు తెలుసు.

ఇంకో సంగతి. ఆ కౌంటరు దగ్గర మనవాళ్ళు కూడా ఒకప్పుడు ఆగిపోయారు. వందేళ్ళ కిందట యూబా సిటీ, ఇంపీరియల్ వ్యాలీ పొలాల్లో పనిచేసిన పంజాబీ మగవాళ్ళలో చాలామంది మెక్సికన్ ఆడవాళ్ళను పెళ్ళాడారు. తెల్లవాళ్ళతో ఇతర రంగువాళ్ళ పెళ్ళిని కాలిఫోర్నియా చట్టం ఒప్పుకునేది కాదు. 1948లో గానీ ఆ చట్టాన్ని కోర్టు కొట్టెయ్యలేదు. మార్మన్లకీ అలాంటి గతమే ఉంది. వాళ్ళలో బహుభార్యత్వం ఉన్న రోజుల్లో అమెరికా ప్రభుత్వం చట్టాలు చేసి, జైళ్ళలో పెట్టింది. 1890లో వాళ్ళ చర్చి ఆ పద్ధతి వదులుకుంది. చట్టం తలుపు తట్టి పెళ్ళి గురించి అడిగితే ఎలా ఉంటుందో వాళ్ళ ముత్తాతలకి తెలుసు.

మన దేశంలో కూడా ఇది వచ్చింది. హైదరాబాదులో ఉండే ఇద్దరు మగవాళ్ళు మొదటి పిటిషనర్లుగా సుప్రీంకోర్టుకి వెళ్ళారు. మతసంస్థలు కొన్ని కోర్టులోనే ఎదురు నిలిచాయి. 2023 అక్టోబరు 17న అయిదుగురు జడ్జీలు, ఇలాంటి పెళ్ళికి గుర్తింపు ఇవ్వడం పార్లమెంటు పని అని చెప్పి పంపేశారు. మా వీధి కుళాయి ఇంకా తెరుచుకోలేదన్నమాట.

మీ దగ్గర కోర్టు తీర్పులతో 2013 జూన్‌లో మళ్ళీ తెరుచుకుంది, 2015లో దేశమంతటా. కానీ 2008లో చేర్చిన ఆ వాక్యం మాత్రం 2024 దాకా మీ రాజ్యాంగంలో అలాగే పడి ఉంది. 2024 నవంబరు 5న మీ అమ్మానాన్నలు ఓటు వేసింది దాన్ని తీసెయ్యడానికే. నూటికి 62 మందికి పైగా అవునన్నారు.

నాయనమ్మ ఏమైందో చెప్పలేదు కదూ. పంచాయతీ ప్రెసిడెంటు ఒకరోజు మా అరుగు మీద కూర్చుని, "అమ్మా, మీ వంటింట్లో మడి మీ ఇష్టం. కుళాయి మాత్రం ఊరందరిదీ" అన్నాడు. ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదు. మూడోరోజు నుంచి మడి నీళ్ళు పెరట్లో బావి నుంచి తోడుకోవడం మొదలుపెట్టింది. పులిహోర రుచి ఏమీ తగ్గలేదు. 2022లో ఈ పెళ్ళిళ్ళకి రక్షణ ఇచ్చే చట్టం అమెరికా పార్లమెంటుకి వచ్చినప్పుడు, మత స్వేచ్ఛకి అందులో చోటు ఉందని మార్మన్ చర్చి దాన్ని సమర్థించింది. తమ సిద్ధాంతం ఏమీ మార్చుకోలేదు. అది చదివినప్పుడు నాకు మా పెరటి బావి గిలక చప్పుడు వినిపించింది.

నీ ఫ్రెండుని ఈ విషయం పెట్టి ఇబ్బంది పెట్టకు. ఆ పిల్ల అప్పటికి పుట్టనే లేదు. దానితో ఎప్పటిలాగే ఆడుకో.

మనుషులు ఇంత ముసలితనంలో కూడా ఒక కాగితం కోసం ఎందుకు అంత తపిస్తారో, రెండుసార్లు ఎందుకు క్యూలో నిలబడతారో నేను మీకు పూర్తిగా వివరించలేను. నాకు ఆశ్చర్యమే మిగిలింది. మీ అమ్మమ్మా నేనూ మీ దగ్గరికి వచ్చినప్పుడు మీ నాన్న మమ్మల్ని ఆ సిటీ హాలుకి తీసుకెళ్ళాడు. గుమ్మటం కింద మెట్ల మీద ఒక ముసలాయన ఇంకో ముసలాయన కోటుకి పువ్వు గుచ్చుతున్నాడు. చేతులు వణికి పిన్ను పడిపోతుంటే మీ అమ్మమ్మ వెళ్ళి గుచ్చి వచ్చింది. ఏమీ మాట్లాడలేదు, నా పక్కన వచ్చి కూర్చుంది.

ఈ సెలవుల్లో ఆఫీసులు తెరిచి ఉన్న రోజు చూసి మీరూ వెళ్ళండి. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలు ఎక్కితే సివిక్ సెంటర్‌లో దిగొచ్చు. ఒక గంట ఆ మెట్ల పక్కన కూర్చోండి. ఎన్ని జంటలు వచ్చాయో తమ్ముణ్ణి లెక్కపెట్టనీ. నువ్వు వాళ్ళ మొహాలు చూడు. రాత్రి పడుకోబోయే ముందు నాకు ఫోన్ చెయ్యండి. ఇక్కడ పొద్దున్నే కదా, కాఫీ పక్కన పెట్టుకుని వింటాను.

మీ తాతయ్య