ప్రాక్టీస్‌లో పులి, మ్యాచ్‌లో పిల్లి ఎందుకవుతారు?

ఒక పాఠకురాలు రాశారు: "మా అబ్బాయికి పన్నెండేళ్లు. బ్యాడ్మింటన్ కోచింగ్‌లో గంటసేపు చక్కగా ఆడతాడు, ఏ షాట్ కొట్టమంటే అది కొడతాడు. మ్యాచ్‌లో అదే షాట్ నెట్‌కి తగులుతుంది. టెన్షన్ అనుకోవాలా, టాలెంట్ లేదనుకోవాలా?"

టెన్షన్ కొంత ఉండొచ్చు. కానీ నాకు అనుమానం వేరే చోట ఉంది. ఆ గంటసేపు ప్రాక్టీస్ ఏ వరసలో జరుగుతోందన్నది ఎవరూ అడగరు. తిండి, నిద్ర, జన్యువులు, తల్లిదండ్రుల ప్రోత్సాహం, అన్నీ ముఖ్యమే, వాటి గురించి అందరూ రాస్తూనే ఉన్నారు, నేను వదిలేస్తున్నా. ఈ వరస సంగతి ఒక్కటే చెప్తాను, ఎందుకంటే మోటార్ లెర్నింగ్ (ఒంటి కదలికల్ని ఎలా నేర్చుకుంటామన్న) పరిశోధనల్లో నన్ను ఇంతగా కుదిపేసింది మరొకటి లేదు.

1978లో కెర్, బూత్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లల చేత గింజలు నింపిన చిన్న సంచుల్ని గురి చూసి విసిరించారు. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఒక బృందం ఎప్పుడూ 3 అడుగుల దూరం నుంచే విసిరింది. రెండో బృందం 2 అడుగుల నుంచి, 4 అడుగుల నుంచి మార్చి మార్చి విసిరింది, 3 అడుగుల జోలికే పోలేదు. పన్నెండు వారాల తర్వాత అందరికీ 3 అడుగుల దూరంలో పరీక్ష పెడితే, ఆ దూరంలో ఒక్కసారి కూడా సాధన చెయ్యని పిల్లలే బాగా విసిరారు! ఇన్నేళ్లుగా మనం నమ్ముకున్న 'ఒకే పని వెయ్యిసార్లు చేస్తే అదే వస్తుంది' అన్న మాటకు ఈ చిన్న ప్రయోగం గట్టిగానే అడ్డం తగిలింది.

ఎందుకిలా జరుగుతుందో చూద్దాం. పిల్లవాణ్ని 18ని 7తో హెచ్చవేయమనండి. కాసేపు గుణించి 126 అంటాడు. వెంటనే మళ్లీ అదే అడగండి, 126 అంటాడు, ఈసారి గుణించడు, నోట్లో ఉన్నది అప్పజెప్తాడు. ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ సరిగ్గానే చెప్తాడు, చూసేవాళ్లకి ముచ్చటేస్తుంది, కానీ గుణకారం చేసింది ఒక్కసారే. అదే మధ్యలో 16ని 9తో, 14ని 6తో హెచ్చవేయమని అడిగి మళ్లీ 18 దగ్గరికి వస్తే, జవాబు అప్పటికి చెరిగిపోయి ఉంటుంది, మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సిందే. తప్పులు వస్తాయి, ఆలస్యమవుతుంది, పిల్లవాడు విసుక్కుంటాడు. గుణకారం నేర్చుకునేది మాత్రం అలాగే.

షాట్ విషయంలోనూ మెదడు ఇదే చేస్తుంది. ఎంత దూరం, ఎంత వేగం, ఏ కండరం ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి అన్నది ప్రతి షాట్‌కూ ముందే లెక్కగట్టుకోవాలి. కోచ్ ఒకే మూల నుంచి ఒకే ఎత్తులో యాభై షటిల్స్ అందిస్తుంటే, ఆ లెక్క మొదటి మూడు నాలుగు షాట్లలోనే తేలిపోతుంది, మిగతా షాట్లన్నీ అప్పజెప్పడమే. మ్యాచ్‌లో ప్రత్యర్థి యాభైసార్లు ఒకే చోటికి కొట్టడు కదా. అక్కడ ప్రతి షాట్ కొత్త లెక్క, ఎక్కడికి పరిగెత్తాలో, డ్రాప్ వెయ్యాలో స్మాష్ కొట్టాలో కూడా తనే తేల్చుకోవాలి. ఆ తేల్చుకునే పని ప్రాక్టీస్‌లో కోచ్ చేసిపెట్టేశాడు.

1979లో షియా, మోర్గాన్ దీన్ని ప్రయోగశాలలో కొలిచారు. చేతిలో టెన్నిస్ బంతితో చిన్న చెక్క అడ్డంకుల్ని మూడు రకాల క్రమాల్లో వేగంగా పడగొట్టాలి. ఒక రకం పూర్తయ్యాక ఇంకో రకం చేసినవాళ్లు ఆ పూట వేగంగా చేశారు, మూడూ కలిపేసి చేసినవాళ్లు తడబడ్డారు. పది రోజుల తర్వాత పిలిచి చూస్తే తారుమారు! 1994లో కాలేజీ బేస్‌బాల్ ఆటగాళ్లతో ఇంకో ప్రయోగం జరిగింది. ఒక్కో సెషన్‌లో 45 బంతులు, మూడు రకాలు. 15 చొప్పున వరసగా ఆడినవాళ్లు చివరికి సుమారు 25 శాతం మెరుగయ్యారు, ఏ బంతి వస్తుందో తెలియకుండా ఆడినవాళ్లు సుమారు 57 శాతం. బంతులు అవే, సంఖ్య కూడా అంతే, మారింది వరస ఒక్కటే.

ఇక్కడ మనిషి కదలికల్ని పరిశోధించిన సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్‌ని తలుచుకోకుండా ఉండలేను. 1920ల్లో మాస్కోలో సుత్తితో ఉలిని కొట్టే కార్మికుల చేతి కీళ్లకు చిన్న బల్బులు కట్టి, వేగంగా ఫొటోలు తీశాడు. చెయ్యి తిరిగిన పనివాళ్ల సుత్తి ప్రతిసారీ దాదాపు ఒకే చోట పడుతోంది, కానీ భుజం, మోచెయ్యి, మణికట్టు కదిలిన దారి ఏ రెండు దెబ్బల్లోనూ ఒకలా లేదు. భుజం కాస్త ముందుకొస్తే మోచెయ్యి సర్దుకుంటోంది. నైపుణ్యమంటే ఒకే కదలికను ముద్రలా గుద్దడం అనుకుంటాం, ఆయన ఫొటోల్లో కనిపించింది ఎప్పటికప్పుడు సరిచేసుకోవడం.

పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాళ్ల ఒళ్లే నిలకడగా ఉండదు. ఆడపిల్లలు పన్నెండేళ్ల దగ్గర, మగపిల్లలు పద్నాలుగేళ్ల దగ్గర అన్నిటికంటే వేగంగా ఎదుగుతారు, మగపిల్లలు ఆ ఒక్క ఏడాదిలో 9 నుంచి 10 సెంటీమీటర్ల దాకా పొడవు పెరగొచ్చు. ముందు పాదాలు, కాళ్లు సాగుతాయి, మొండెం తర్వాత అందుకుంటుంది. కాస్త లెక్క చూడండి. కాలు 6 శాతం పొడవు పెరిగి, అదే నిష్పత్తిలో లావూ పెరిగితే, దాని బరువు 1.06కి ఘనం, అంటే 19 శాతం పెరుగుతుంది. దాన్ని తుంటి దగ్గర నుంచి ఊపడానికి అడ్డుపడేది జడత్వ భ్రామకం, అది బరువుతో పాటు పొడవు వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది కాబట్టి 1.06కి ఐదో ఘాతం, దాదాపు 34 శాతం. ఏడాది తిరిగేసరికి మూడో వంతు ఎక్కువగా మొరాయించే కాలుతో అదే బంతిని తన్నాలి! కండబలం పెరుగుదలేమో సాధారణంగా పొడవు కంటే కొన్ని నెలలు వెనకబడి వస్తుంది. నిన్నటిదాకా మెరిసిన పిల్లవాడు హఠాత్తుగా తడబడితే 'ఫామ్ పోయింది', 'బద్ధకం పెరిగింది' అని టీమ్‌లోంచి తీసేస్తారు, నాకు నిజంగా బాధేస్తుంది. పాత కాలికి కుదిరిన లెక్క కొత్త కాలికి కుదరడం లేదు, అంతే. ముందు నుంచీ రకరకాల దూరాల్లో, వేగాల్లో లెక్క మార్చుకోవడం అలవాటైన పిల్లలు దీన్ని త్వరగా సర్దుకుంటారన్నది నా నమ్మకం.

తిట్ల గురించి కూడా ఒక మాట. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెప్తుంటే ఒకాయన లేచి, మెచ్చుకుంటే తర్వాతిసారి చెడగొడుతున్నారు, తిడితే బాగు చేస్తున్నారు అన్నాడట. నిజానికి మామూలు కంటే మరీ ఘోరంగా చేశాక తర్వాతి ప్రయత్నం ఎలాగూ కాస్త మెరుగ్గానే ఉంటుంది, అద్భుతంగా చేశాక కాస్త తగ్గుతుంది. తిట్టకపోయినా అంతే. లక్కీ జెర్సీ మీద నమ్మకాలు నిలబడేదీ ఇలాంటి హెచ్చుతగ్గుల మీదే, గ్రౌండ్‌లో అరిచే కోచ్‌ల నమ్మకమూ అంతే. పిల్లవాడు మాత్రం ఆ అరుపుల్ని ఏళ్ల తరబడి మోస్తాడు.

అలాగని రాకెట్ పట్టుకోవడం కూడా రాని ఆరేళ్ల పాప మీదికి నాలుగు రకాల షాట్లు ఒకేసారి వదిలెయ్యకూడదు. పూర్తిగా కొత్తవాళ్లకు, మరీ క్లిష్టమైన కదలికలకు ఈ కలగలుపు సాధన అంతగా పనిచెయ్యదు, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. గ్వడగ్నోలి, లీ అనే పరిశోధకులు 2004లో చెప్పినదాని సారం ఇదే: కష్టం ఎంత ఉండాలన్నది నేర్చుకునేవాడి స్థాయిని బట్టి ఉంటుంది. కదలిక ఒక రూపానికి వచ్చేదాకా వరసగా చేయించండి, వచ్చాక అక్కడే ఉండిపోకుండా కలపడం మొదలుపెట్టండి. సర్వీస్ ఒకటి, డ్రాప్ రెండు, వెనక్కి వెళ్లి స్మాష్ ఒకటి, మళ్లీ సర్వీస్.

ఇక మీవాడికి నిజంగా వచ్చిందో లేదో చూసుకోవాలంటే, సెషన్ చివర పది నిమిషాలు చూడకండి, అప్పుడు అందరూ బాగానే ఆడతారు. రెండు రోజులు గ్యాప్ ఇచ్చి, కోర్టులోకి వెళ్లి ఒళ్లు వేడెక్కగానే, ఇంకే ప్రాక్టీసూ లేకుండా కొట్టే మొదటి అయిదు సర్వీసుల్లో ఎన్ని సరిగ్గా పడ్డాయో లెక్కపెట్టండి. నెల తర్వాత మళ్లీ అలాగే లెక్కపెట్టి, రెండూ పోల్చి చూడండి.