అప్పు పుట్టని రోజుల్లో యుద్ధం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని మీరు అడిగారు. యుద్ధాల పేర్లు బట్టీ పట్టేవారికి ఈ ప్రశ్న తట్టదు కనుక, నాకు ముచ్చట వేసింది.

1775లో ఫిలడెల్ఫియాలో సమావేశమైన కాంటినెంటల్ కాంగ్రెస్‌కు, అంటే తిరగబడ్డ అమెరికా వలసల ప్రతినిధుల సభకు, సైన్యాన్ని పోషించే బాధ్యత ఉంది గానీ, ఒక్క కాసు పన్ను వేసే అధికారం లేదు. బ్రిటన్ పన్నుల మీద తిరగబడిన జనం మరో పన్నుల పెత్తనాన్ని నెత్తికెత్తుకోరు కదా! అందుకని కాంగ్రెస్ నోట్లు అచ్చువేసింది. ఆ నోటు నిజానికి ఒక ప్రోనోటు: తెచ్చినవారికి ఇన్ని స్పానిష్ వెండి డాలర్లు చెల్లుతాయని దాని మీద రాసి ఉండేది, వెండి మాత్రం ఖజానాలో లేదు. 1779 చివరికి అలాంటివి సుమారు 20 కోట్ల డాలర్ల మేరకు బయటికి వచ్చాయి; అది చాలదన్నట్టు బ్రిటిష్‌వారు దొంగనోట్లు కలిపారు. 1780 మార్చిలో 40 కాగితపు డాలర్లకు ఒక వెండి డాలరని కాంగ్రెసే ఒప్పుకుంది. ఆ నోట్లను ‘కాంటినెంటల్’ అనేవారు; పనికిమాలిన వస్తువును ‘కాంటినెంటల్ పాటి చేయదు’ అనడం అక్కడ నానుడి అయింది.

1781లో ఆర్థిక వ్యవహారాలు చేపట్టిన రాబర్ట్ మోరిస్ ఫిలడెల్ఫియా వర్తకుడు. ఆయన సొంత పరపతి మీద నోట్లు రాసిచ్చాడు. ప్రభుత్వ కాగితాన్ని నమ్మనివారు ఒక వ్యాపారి సంతకాన్ని నమ్మారు! ఆ సెప్టెంబరులో వర్జీనియాలోని యార్క్‌టౌన్‌కు యుద్ధానికి నడుస్తున్న సైనికులు జీతం కోసం సణుగుతుంటే, మోరిస్ మిత్రపక్షమైన ఫ్రెంచి సేనాని రోషాంబో పెట్టెలోంచి నాణేలు అప్పు తెచ్చి ఒక నెల జీతం ఇప్పించాడు. మరుసటి ఏడాది అమెరికా రాయబారి జాన్ ఆడమ్స్ ఆమ్‌స్టర్‌డామ్‌లో 50 లక్షల గిల్డర్ల (డచ్చి నాణేల) అప్పు సంపాదించాడు.

సైనికులకు బాకీ జీతానికి బదులు, తర్వాత చెల్లిస్తామన్న ప్రభుత్వ పత్రాలు దక్కాయి. ఇల్లు గడవక చాలామంది వాటిని దళారులకు కారుచౌకగా అమ్ముకున్నారు. 1790లో ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్, పత్రం ఎవరి చేతిలో ఉంటే వారికే పూర్తి విలువ లెక్కగట్టాలన్నాడు; మొదటి యజమానికీ వాటా ఇవ్వాలన్న చట్టసభ సభ్యుడు జేమ్స్ మాడిసన్ ఓడిపోయాడు. చేతులు మారిన కాగితాన్ని ప్రభుత్వం ప్రశ్నించడం మొదలుపెడితే రేపు దాన్ని ఎవరూ కొనరు కాబట్టి, అప్పు పుట్టాలంటే హామిల్టన్ మార్గమే సరైనదని నేనూ అంటాను, అయితే ఆ సైనికుడి ముఖం చూసి అనలేను.

మోరిస్ సంగతి కూడా వినండి. భూముల వ్యాపారంలో మునిగిపోయి, 1798లో అప్పుల కిందే ఫిలడెల్ఫియా జైలుకు వెళ్లి మూడేళ్లకు పైగా ఉన్నాడు. ఆ ఏడాదే వాషింగ్టన్ ఆ జైలుకు వెళ్లి, ఆయనతో కలిసి భోజనం చేసి వచ్చాడు.

మీ తాతయ్య