విరామం తర్వాత మళ్లీ కాక్‌పిట్‌లోకి: శిక్షణ పైలట్ల అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పైలట్ శిక్షణకు వెళ్లే పిల్లలు ఎక్కువగా దూరప్రాంతాలకే వెళతారు. ఫీజు వాయిదా సర్దుబాటు కాకనో, వర్షాకాలంలో ఎగిరే వీలు లేకనో, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలకు చదువుకోవడానికో మధ్యలో నెలల తరబడి ఇంటి దగ్గర ఉండిపోతుంటారు. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైన నాటి నుంచి మా ప్రాంతంలో ఈ చదువు గురించి అడిగేవారు పెరిగారు. వారితోపాటు, విరామం తర్వాత తిరిగి వెళ్లబోతూ నా దగ్గరకు వచ్చే విద్యార్థులూ పెరిగారు. శిక్షకుడిగా వారి నోట తరచుగా వినే మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: సైకిలు తొక్కడం లాంటిదే, ఒకసారి వస్తే ఇక మరచిపోము.

ఇందులో సగమే నిజం. విమానాన్ని తిన్నగా, సమంగా నడిపే చేతి అలవాటు చాలాకాలం నిలుస్తుంది. ముందుగా జారిపోయేది పనుల వరుస, దానితోపాటు ఒకేసారి నాలుగు విషయాలను కనిపెట్టుకొని ఉండే శక్తి. ప్రైవేట్ పైలట్ లైసెన్సు పొందినవారిని 8, 16, 24 నెలల తర్వాత మళ్లీ పరీక్షించిన అధ్యయనాన్ని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1983లోనే ప్రచురించింది; నైపుణ్యం తరుగుదల అందులో స్పష్టంగా కనిపించింది.

శిక్షణలో నాకు కనిపించేదీ ఇదే. కంట్రోల్ టవర్ చెప్పిన రన్‌వే, క్యూఎన్‌హెచ్ (ఎత్తుమాపకంలో పెట్టుకోవలసిన వాయుపీడన అంకె), ఎత్తు మూడింటినీ తిరిగి చదివి వినిపించడానికి విద్యార్థి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణంలోనే విమానం ఎత్తు మారిపోతుంది, దాన్ని సరిదిద్దే హడావిడిలో ట్రిమ్ (చేతి మీది ఒత్తిడిని తగ్గించే అమరిక) సంగతి మరచి యోక్‌ను (విమానాన్ని నడిపే చేతి పిడిని) బిగించి పట్టుకుంటాడు, అక్కడి నుంచి ప్రతి పనీ ఒక మెట్టు ఆలస్యంగా సాగుతుంది. చూసేవారికి ఇది చేతి లోపంలా కనిపిస్తుంది గాని, మొదలైంది రేడియో దగ్గర.

కాబట్టి సాధన ఇంటి దగ్గరే మొదలుకావాలి. మీరు నడిపే విమానం చెక్‌లిస్టును, కాక్‌పిట్ బొమ్మను ఎదురుగా పెట్టుకొని, కుర్చీలో కూర్చుని, ప్రతి స్విచ్ ఉన్నచోటికి చేయి చాస్తూ, రేడియో మాటలను పైకి పలుకుతూ ఇంజిన్ స్టార్ట్ నుంచి షట్‌డౌన్ వరకు మొత్తం సర్క్యూట్‌ను (టేకాఫ్ అయి, రన్‌వేను చుట్టి వచ్చి దిగే వరుసను) రోజూ నడపండి. ఇంట్లోవారు వింతగా చూస్తారు, చూడనివ్వండి. దీనికి పెట్రోలు ఖర్చు లేదు.

అపోహ: వెళ్లగానే ల్యాండింగులు చేస్తే చాలు, మిగతావి వాటంతట అవే వస్తాయి.

నా అభిప్రాయంలో మొదటి ఫ్లైటు ల్యాండింగులకు కాదు. తగినంత ఎత్తులో, శిక్షకుడి తోడుతో, స్లో ఫ్లైట్ (బాగా తక్కువ వేగంతో ఎగరడం), స్టాల్ సాధన ముందు జరగాలి. ఊళ్లో చాలామంది అనుకున్నట్టు స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం కాదు. రెక్కకు, ఎదురుగాలికి మధ్య కోణం హద్దు దాటినప్పుడు రెక్క మీది గాలి ప్రవాహం చెదిరి లిఫ్ట్ (పైకెత్తే బలం) పడిపోవడం. ఆ హద్దు కోణానిదే తప్ప వేగానిది కాదు కనుక, ఎత్తు నిలబెట్టడానికి కోణం పెంచవలసిన మలుపులో స్టాల్ వేగం పెరుగుతుంది. శిక్షణ విమానం సెస్నా 172ఎస్ ఫ్లాప్‌లు (రెక్క వెనుక అంచు పలకలు) దించకుండా 48 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) దగ్గర స్టాల్ అయితే, ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీల బ్యాంకులో (రెక్కల వాలులో) తిరిగేటప్పుడు దాదాపు 68 నాట్ల దగ్గరే స్టాల్ అవుతుంది. బేస్ (రన్‌వేకు అడ్డంగా వచ్చే దారి) నుంచి ఫైనల్‌కు (రన్‌వేకు ఎదురుగా దిగే దారికి) తిరుగుతూ రన్‌వే గీత దాటిపోయిన విద్యార్థి మలుపును బలవంతంగా బిగించే చోటు ఇదే, అక్కడ కోలుకోవడానికి ఎత్తు ఉండదు. యోక్‌ను ముందుకు వదిలి కోణం తగ్గించడం, ఆ తర్వాతే రెక్కలు సమం చేసి పవర్ ఇవ్వడం చేతికి మళ్లీ అలవాటయ్యాక సర్క్యూట్‌లోకి వెళ్లవచ్చు. ల్యాండింగ్‌లో ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కును పైకెత్తడం) మరీ ఎత్తున మొదలవుతుంటే, చూపు విమానం ముక్కు ముందున్న నేల మీద ఉందా, రన్‌వే చివర ఉందా అన్నది ముందు గమనించుకోండి.

అపోహ: కంప్యూటర్ సిమ్యులేటర్ ఉంటే సాధన ఆగనట్టే.

రేడియో నావిగేషన్‌కు, పనుల వరుసకు అది మంచిదే. రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) పెడల్ మీద కాలి ఒత్తిడినీ, ఫ్లేర్‌లో కిందికి దిగుతున్న అనుభూతినీ అది ఇవ్వదు. పైగా బయట చూడవలసిన కళ్లను పరికరాలకు అతికించే దురలవాటు నేర్పుతుంది.

అపోహ: విమానం అదే, రన్‌వే అదే, కాబట్టి అంకెలూ అవే.

డిసెంబరులో ఆపి మే నెలలో తిరిగి వెళ్లినవారు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఇది. ప్రామాణిక వాతావరణ లెక్కలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు ఉండాలి. మన తీరంలో 35 డిగ్రీలు ఉన్న రోజున, పీడనం మామూలుగా ఉన్నా, గాలి పలచబడి, ఎక్కువైన ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున విమానం 2,400 అడుగుల ఎత్తున ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. టేకాఫ్ పరుగు పెరుగుతుంది, పైకి ఎక్కడం మందగిస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే క్రాస్‌విండ్ (రన్‌వేకు అడ్డంగా వీచే గాలి) కూడా మారుతుంది, ఇది తీరంలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు.

అపోహ: లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్ గడువులో ఉంటే సోలో (ఒంటరిగా) వెళ్లవచ్చు, డ్యూయల్ (శిక్షకుడితో కలిసి ఎగరడం) అంటే డబ్బు దండగ.

గడువు కాగితానికి సంబంధించినది. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజులలో మూడేసి టేకాఫ్‌లు, ల్యాండింగులు చేసి ఉండాలని అమెరికా నిబంధన కోరేది లైసెన్సు ఉన్నవారినే. డబ్బు విషయానికొస్తే, మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటలలో పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానానికి బాధ్యుడిగా) ఉండవలసినవి 100. డ్యూయల్ గంటలు కూడా ఆ మొత్తంలో కలుస్తాయి. పొలం అమ్మి ఫీజు కట్టిన తండ్రికి ఈ లెక్క వివరంగా చెప్పండి. తిరిగి వెళ్లిన రోజున శిక్షకుడికి చివరిసారి ఎగిరిన తేదీనీ, అప్పట్లో దేనిలో తడబడ్డారో దాన్నీ, ఇప్పుడు వాడుతున్న జలుబు మాత్ర పేరునీ ముందుగానే చెబితే, ఆ రోజు ఏమి చేయించాలో ఆయన నిర్ణయించగలుగుతారు.